కౌన్సెలింగ్ గదిలో బెల్లం

కౌన్సెలర్లుగా చేరబోయే పిల్లలు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడమ్, మంచి కౌన్సెలర్ కావాలంటే ముందుగా ఏం నేర్చుకోవాలి?" అని అడుగుతారు. నోరు మూసుకోవడం నేర్చుకోండి అంటాను. వాళ్ళు నవ్వేస్తారు. పెద్దావిడ చమత్కారం అనుకుంటారు కాబోలు. అందులో చమత్కారమేమీ లేదు. ఆ ఒక్క విద్య పట్టుబడడానికి నాకు సగం ఉద్యోగకాలం పట్టింది. నేర్పింది కూడా ఏ ప్రొఫెసరో కాదు, ఒక వీధికుక్క.

దాని పేరు బెల్లం. పాకం కాస్త ముదిరిన అచ్చుబెల్లం రంగులో ఉంటుంది కనుక ఆ పేరు. నాతోపాటే అదీ రిటైరైంది. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. ప్రమోషన్ల గురించీ రిపోర్టుల గురించీ రాయను, వాటివల్ల నేను నేర్చుకున్నది శూన్యం. ఆ కుక్క ఉన్న గదిలో ఏం జరిగిందో మాత్రం రాస్తాను. ఇందులోని వాళ్ళని అడిగే రాస్తున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

ఎరువుల కొట్టు పక్కన

చోడవరంలో బస్టాండుకి కాస్త దూరంలో, ఎరువుల కొట్టు పక్క వాటాలో మా కేంద్రం ఉండేది. ముందు ఒక గది, లోపల ఒక గది, వెనక ఒక వసారా. బోర్డు మీద "మానసిక ఆరోగ్యం" అని రాసి ఉండడంతో మా దగ్గరికి ఎవరూ తిన్నగా వచ్చేవారు కాదు. ముందు ఎరువుల కొట్లోకి వెళ్ళి యూరియా ఉందా అని అడిగి, అటూ ఇటూ చూసి, చటుక్కున మా గుమ్మంలోకి దూరేవారు. కొట్టతను పాపం, బేరం తగిలిందని లేచేవాడు, మళ్ళీ ఉసూరుమంటూ కూర్చునేవాడు.

వారానికి రెండు రోజులు విశాఖపట్నం నుంచి బస్సులో మానసిక వైద్యుడు వచ్చేవారు. మందులు ఆయనవి, మాటలు నావి. మాటలకి నాకెప్పుడూ కరువు లేదు. చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను వాగుడుకాయ అనేవారు. ఎవరైనా కష్టం చెప్పుకుని రెండు క్షణాలు ఆగితే చాలు, ఆ ఖాళీలోకి నేను జొరబడేదాన్ని. ధైర్యం చెప్పేదాన్ని, ఉదాహరణలు చెప్పేదాన్ని, మా మేనత్త కథలు కూడా చెప్పేదాన్ని. ఒకరోజు డాక్టరు గారు పక్క గదిలోంచి అంతా విని, పేషెంటు వెళ్ళాక అడిగారు.

"సుభద్రా, నువ్వు చేస్తున్నది కౌన్సెలింగా, హరికథా?"

నాకు కోపం వచ్చింది. వారం రోజులు ఆయనతో ముభావంగా ఉన్నాను. ఆయన మాట నిజమని ఒప్పుకోవడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

నర్సమ్మ అన్నం ముద్ద

మా కేంద్రంలో అటెండరు నర్సమ్మ. ఆవిడ రోజూ వసారాలో కూర్చుని భోంచేసి, చివరి ముద్ద ఒక వీధికుక్కకి పెట్టేది. నేను పుట్టిన ఇంట్లో కుక్క తగిలితే స్నానం చెయ్యాలి. కుక్క గడప దాటితే పసుపునీళ్ళు చల్లేవారు. అందుకని నేను ఆ వసారా వైపే వెళ్ళేదాన్ని కాదు. "నర్సమ్మా, దాన్ని అలవాటు చెయ్యకు" అని రోజూ అనేదాన్ని. ఆవిడ రోజూ "అలగేనమ్మా" అనేది, రోజూ పెట్టేది.

ఒకరోజు గోవాడ వైపునుంచి ఒక ముసలావిడని కోడలు తీసుకొచ్చింది. మనిషి నిద్రపోవడం లేదు, ఊరికే ఏడుస్తోంది. నా ఎదురుగా నలభై నిమిషాలు కూర్చుంది. "బాగానే ఉన్నానమ్మా" అన్న మాట తప్ప ఇంకో మాట లేదు. తర్వాత డాక్టరు గారి కోసం వసారాలో కూర్చోబెట్టాం. కాసేపటికి కిటికీలోంచి ఆవిడ గొంతు వినిపించింది. కుక్క ఆవిడ కాళ్ళ దగ్గర పడుకుని ఉంది. ఆవిడ దాని చెవులు నిమురుతూ చెప్తోంది.

"నీకేటి తల్లీ, తింతావు, తొంగుంతావు. నాకు రాత్రయితే మా పెద్దోడే కళ్ళల్లో మెదుల్తన్నాడు. ఆడు పోయేడని ఎవులూ నా కాడ ఆడి పేరెత్తరు. నానూ ఎత్తకూడదేటి?"

నాకు ఎంత అసూయ వేసిందో చెప్పలేను. డిగ్రీ నాది, జీతం నాది, ఆవిడ కష్టం చెప్పుకున్నది మాత్రం అన్నం ముద్దకి ఆశపడి వచ్చిన కుక్కతో! ఆ సాయంత్రం డాక్టరు గారికి చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

"అది ఆవిణ్ణి ఏమీ అడగలేదు సుభద్రా. నువ్వు ఎన్ని అడిగావు?"

లెక్కపెట్టి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ తర్వాత ఆయనే కుక్కని కౌన్సెలింగ్ గదిలోకి రానిద్దామన్నారు, మా ఇంటి మడి పక్కన పెట్టి నేనూ సరేనన్నాను. షరతులూ ఆయనే పెట్టారు. కుక్కకి పశువైద్యుడి దగ్గర రేబిస్ టీకాలు, నులిపురుగుల మందు వేయించాలి. కొన్ని నెలలు దాని స్వభావం గమనించాలి. పిల్లలు తోక లాగినా, పళ్ళెం కింద పడి చప్పుడైనా అది ఏం చేస్తుందో చూడాలి. ఎవరి మీదా ఎగరకుండా నేర్పాలి. ఇవన్నీ అయ్యాకే గదిలోకి రావాలి. విశాఖలో ఇలాంటి కుక్కలకి రెండు రోజుల శిక్షణ ఉందంటే దాన్ని తీసుకుని వెళ్ళాం. ఏ ఆటోవాడూ ఎక్కించుకోడే! చివరికి నర్సమ్మ దాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, "పసిగుంట బాబూ, జొరమొచ్చింది" అంది. ఆటో అతను అద్దంలో చూసి, "మీ గుంటకి మీసాలున్నాయేటమ్మా" అని నవ్వి పోనిచ్చాడు. అక్కడ శిక్షణకి వచ్చినవన్నీ పట్టుకుచ్చులాంటి జుట్టున్న జాతికుక్కలు. వాటి మధ్య మా బెల్లం ఎవరినీ పట్టించుకోకుండా ఒక మూల పడుకుంది. శిక్షకురాలు దానివైపే చూసి, "ఇది పుట్టుకతోనే ఈ పనికి తగినది" అంది. నర్సమ్మ ముఖం వెలిగిపోయింది.

కుర్చీ ఎక్కిన హెడ్మాస్టరు

గొప్పలు చెప్పుకున్నాను కనుక తప్పు కూడా చెప్పాలి. బెల్లం గదిలోకి రావడం మొదలైన కొత్తలో నాకు ఉత్సాహం ఎక్కువైంది. ఒక హెడ్మాస్టరు గారు వచ్చారు. నిద్ర పట్టదు, గుండె దడ. నేను ఆయన్ని ఏమీ అడగకుండానే తలుపు తీసి బెల్లాన్ని లోపలికి వదిలాను. ఆయన్ని చిన్నప్పుడు కుక్క కరిచిందట. బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకున్న కాలం మనిషి. పంచె ఎగగట్టి కుర్చీ ఎక్కి నిలబడ్డారు. "తియ్యండి! తియ్యండి!" అని కేక. ఎరువుల కొట్లోవాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు. ఎవరికీ తెలియకూడదని చాటుగా వచ్చిన పెద్దమనిషిని ఊరంతా చూసింది. ఆయన మళ్ళీ మా దగ్గరికి రాలేదు. తలచుకుంటే నవ్వొస్తుంది, వెంటనే సిగ్గేస్తుంది.

అందుకని మీకు చెప్పేది: అడగకుండా కుక్కని తేవద్దు. భయం ఉన్నవాళ్ళుంటారు, పడనివాళ్ళుంటారు, పూజా మడీ ఉన్నవాళ్ళుంటారు. వద్దంటే వద్దే, ఎందుకని కూడా అడగొద్దు. కుక్కని కూడా అడగాలి. మా గది తలుపు ఎప్పుడూ ఓరగా తీసి ఉంచేవాళ్ళం. బెల్లం ఎప్పుడు లేచి వెళ్ళిపోతానన్నా వెళ్ళొచ్చు. వెళ్ళిన దాన్ని పిలవడం, తాయిలం చూపించి లాక్కురావడం కూడదు. బలవంతాన తెచ్చిన కుక్క బలవంతాన తెచ్చిన సాక్షిలాంటిది, దానివల్ల ఎవరికీ మేలు లేదు. రోజుకి రెండు మూడు సెషన్లు దాటితే దానికి అలసట. అలిసిన కుక్క దగ్గర మనిషికి ఊరట దొరకదు.

ఇంతకీ అది చేసేదేమిటి అంటారా? పెద్దగా ఏమీ చెయ్యదు. మన గదిలోకి వచ్చిన మనిషికి ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. కుక్క ఉంటే చేతులకి దాని వీపు ఉంటుంది, కళ్ళకి దాని ముఖం ఉంటుంది. దాని ఊపిరితో పాటు వీళ్ళ ఊపిరీ నెమ్మదిస్తుంది. ఇంకో సంగతి ఎవరూ చెప్పుకోరు. మన ఇళ్ళల్లో పదేళ్ళు దాటిన మగపిల్లాణ్ణి ఎవరూ దగ్గరికి తీసుకోరు. నలభై ఏళ్ళ మగాడి భుజం మీద ఆప్యాయంగా చెయ్యి పడి ఎన్నాళ్ళయిందో లెక్క ఉండదు. కుక్క వచ్చి అలాంటివాడి కాలికి ఆనుకుని కూర్చుంటే పెదవులు వణకడం నేను చాలాసార్లు చూశాను. అంతమాత్రాన కుక్క మందు కాదు. మాత్రలు అవసరమైనవాళ్ళకి మాత్రలే కావాలి. మాట లోపలే గడ్డకట్టినవాళ్ళకి మాత్రం అది తోడుంటుంది.

సత్తిబాబు

ఇప్పుడు చెప్పబోయే మనిషి సత్తిబాబు. చోడవరానికి దగ్గర్లో ఓ ఊరు. చెరుకు ట్రాక్టరు తోలేవాడు. ఒక వేసవిలో అతని భార్య కొండమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"ఈయన మా ఇంటాయన మేడమ్. మాటాడ్డం మానీసేడు. అన్నం ఎడితే తింతాడు, ఎట్టకపోతే అడగడు. మొన్న సేలో మందు డబ్బా పక్కనెట్టుకుని కూకుంటే మా మరిది సూసి లాక్కొచ్చేడు. నాకు బయమేస్తంది మేడమ్, ఈ మనిసి నాకు దక్కుతాడా?"

జరిగింది ఇది. చక్కెర మిల్లులు చెరుకు ఆడే క్రషింగ్ సీజన్లో మా రోడ్ల మీద చెరుకు ట్రాక్టర్లు బారులు తీరుతాయి. బడి వదిలిన పిల్లలు ట్రాలీ వెనక పరిగెత్తి చెరుకు గెడలు లాగడం మా ప్రాంతంలో ఒక ఆట. డ్రైవర్లు కేకలేస్తారు, పిల్లలు నవ్వుతారు. నేనూ చిన్నప్పుడు లాగినదాన్నే. ఆ సీజన్లో ఒకరోజు సత్తిబాబు లోడుతో తన వీధి మలుపులోంచి ట్రాలీ వెనక్కి తీస్తున్నాడు. వెనకాల గెడ లాగుతున్న పిల్లని చూడలేదు. ఆ పిల్ల అతని కూతురే. దుర్గ, తొమ్మిదేళ్ళు. చక్రం ఎడమ పాదం మీదకి ఎక్కింది. పాదం నిలిచింది గాని వేళ్ళు దక్కలేదు.

పిల్లని తనే ఎత్తి ఆటోలో పడుకోబెట్టాడు. ఆ తర్వాత మళ్ళీ దాని ముఖం చూడలేదు. ఆసుపత్రిలో వార్డు బయటే కూర్చున్నాడట. ఈలోగా ఇంట్లోవాళ్ళు జాతకం చూపించారు. తండ్రి వల్ల పిల్లకి గండం ఉంది, ఏడాదిపాటు తండ్రి నీడ దాని మీద పడకూడదన్నారట పంతులు గారు. దాంతో పిల్లని ఆసుపత్రి నుంచి నేరుగా రావికమతంలో అమ్మమ్మ ఇంటికి పంపేశారు.

డాక్టరు గారు మందులు మొదలుపెట్టారు. పురుగుల మందులన్నీ ఇంట్లోంచి తీసేయమన్నారు, మనిషిని ఒంటరిగా వదలొద్దన్నారు. ఇక నా వంతు. "సత్తిబాబూ, ఇందులో నీ తప్పేమీ లేదు" అన్నాను. అతను నావైపు ఒక్కసారి చూసి, లేచి వెళ్ళిపోయాడు.

రెండోసారి ఇంకా ఘనకార్యం చేశాను. జాతకం సంగతి విని ఉండబట్టలేక కొండమ్మతో, "పిల్లని తండ్రికి దూరం చెయ్యమని చెప్పినవాడు మనిషేనా? అతనికేం తెలుసు?" అన్నాను. కొండమ్మ ముఖం తలుపు వేసినట్టు మూసుకుపోయింది. మూడు వారాలు వాళ్ళు రాలేదు. ఆ మూడు వారాలూ పొద్దున్నే పేపరు తీసి ముందుగా ఆత్మహత్యల వార్తలే వెతికేదాన్ని. డాక్టరు గారు ఒక్క మాటే అన్నారు.

"వాళ్ళు పంతులు దగ్గరికి వెళ్ళింది భయంతో. నువ్వు వాళ్ళ భయాన్ని వెక్కిరించావు."

చివరికి మాత్రలు అయిపోయి వచ్చారు. నేను కొండమ్మ చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆవిడ తల వంచుకుని, "మీరు సెదువుకున్నోళ్ళు, మీకు నవ్వొస్తాది మేడమ్. మా గుంటకి ఇంకోటేదైనా అయిపోతే ఎవులు బాద్దులు?" అంది.

కుర్చీ కింద

ఆ రోజు నేను సత్తిబాబుని ఏమీ అడగలేదు. నర్సమ్మే అడిగింది. "బాబూ, మా కుక్క ఉంటాది గదిలో. బయమైతే సెప్పీ, ఎనక్కి తోలీస్తాను." అతను ఫరవాలేదన్నట్టు తలూపాడు.

బెల్లం వచ్చింది, అతని చుట్టూ ఒకసారి తిరిగింది, కుర్చీ కిందకి దూరి సరిగ్గా అతని మడమల వెనక పడుకుంది. నలభై నిమిషాలు అతను కాలు కదపలేదు. వేళయ్యాక లేవబోయి ఆగాడు. వంగి కుర్చీ కింద చూశాడు. ఎడమవైపు చూశాడు, కుడివైపు చూశాడు. తోక ఎక్కడుందో, కాళ్ళెక్కడున్నాయో చూసుకుని అప్పుడు లేచాడు. ఏదో ఒకటి అనాలని నాలుక దురద పెట్టింది. అనలేదు.

ఆ తర్వాత వారం వారం అదే. అతను వస్తాడు, కూర్చుంటాడు, కుక్క కింద పడుకుంటుంది. నాకు అది తపస్సు. నలభై నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవడమంటే ఏమిటో నన్నెరిగినవాళ్ళనడగండి! మూడో వారం నుంచి నర్సమ్మ చిన్న గిన్నెలో పెరుగన్నం కలిపి అతని చేతికిచ్చేది. "నువ్వే ఎట్టు బాబూ, నా సేత్తో తిని తిని దానికి మొకమొత్తింది" అనేది. అతను ముద్దలు చేసి పెట్టేవాడు. ఐదో వారం బెల్లంతో అన్నాడు, "నెమ్మదిగా తిను." మా గదిలో అతని మొదటి మాట అది.

మళ్ళీ వచ్చింది

ఆరో వారం అనుకుంటాను. బయట రోడ్డు మీద లారీ టైరు ఢామ్మని పేలింది. సత్తిబాబు ఉలిక్కిపడి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. అతని మడమ బెల్లం ముందుకాలి మీద పడింది. అది కెవ్వుమని అరిచి, ఓరగా ఉన్న తలుపులోంచి బయటికి పరిగెత్తింది.

అతను కుర్చీలోంచి నేల మీదకి జారిపోయాడు. రెండు చేతులతో తల పట్టుకుని, "మళ్ళీ సేసీసేను. మళ్ళీ సేసీసేను మేడమ్" అని ఒకటే మాట.

ఆరు వారాలు కూడబెట్టిందంతా నేలపాలైంది, ఈ మనిషి ఇంటికి వెళ్ళి ఏం చేసుకుంటాడో అనిపించింది. పరిగెత్తి వెళ్ళి కుక్కని ఎత్తుకొచ్చి అతని ఒళ్ళో పడేద్దామనిపించింది. పిలవకూడదన్న నియమం నేను పెట్టిందే. దాన్ని తప్పుదామని సగం లేచాను కూడా. గుమ్మంలో నర్సమ్మ కనిపించి చెయ్యి అడ్డంగా ఊపింది. కాలికి ఏమీ కాలేదని సైగ చేసింది. నేను కుర్చీ వదిలి నేల మీద, అతనికి కాస్త దూరంలో కూర్చున్నాను. తప్పు కాదనలేదు, ఏడవొద్దనలేదు.

ఎంతసేపయిందో తెలియదు. గచ్చు మీద గోళ్ళ చప్పుడు వినిపించింది. బెల్లం వస్తోంది. ముందుకాలు కాస్త ఎత్తి ఎత్తి వేస్తోంది. అతని దగ్గర ఆగి చెయ్యి వాసన చూసింది, మడమ వాసన చూసింది. తర్వాత ఒక నిట్టూర్పు విడిచి, తనని తొక్కిన ఆ మడమ మీదే గడ్డం ఆనించి పడుకుంది.

అతను ఊపిరి బిగబట్టాడు. దాన్నే చూస్తూ అడిగాడు.

"దానికి తెలీదేటి మేడమ్, తొక్కింది నానేనని?"

"తెలుసు. వాసన చూసింది కదా."

"మరెందుకొచ్చింది?"

వెనకటి సుభద్ర అయితే ఇక్కడ అరగంట ఉపన్యాసం దంచేది. "నాకు తెలియదు బాబూ" అన్నాను.

అప్పుడు ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా, భుజాలు ఎగరేస్తూ ఏడ్చాడు. ఆ ఏడుపులోనే ఎవరికీ చెప్పని సంగతి చెప్పాడు.

"అందరూ నువ్వు సూడలేదు, నీ తప్పు కాదంతారు. ఆళ్ళకేటి తెలుసు? ట్రాలీ కట్టినప్పుడల్లా ఎనకాతల ఓ గెడ వదులుగా ఎట్టేవోణ్ణి మేడమ్. మా దుర్గ కోసం. ఎక్కడెట్టేనో మిగతా గుంటలకి తెలీదు, దానికే తెలుసు. ఆ రోజూ ఎట్టేను. అది వస్తాదని నాకు తెలుసు. ఆ గెడతో నానే పిలిసేను, నానే ఎక్కించీసేను."

తప్పు కాదన్న నా ఓదార్పు మొదటి రోజు అతన్ని ఎందుకు లేపి పంపేసిందో అప్పటికి అర్థమైంది. ఎదుటివాడు ఏ బరువు మోస్తున్నాడో తెలియకుండానే దించెయ్యబోయాను. మీరు అలా చెయ్యకండి. వెళ్ళేముందు గుమ్మం దగ్గర నిలబడి, వెనక్కి తిరగకుండా అడిగాడు, "కుక్క వచ్చింది. మా గుంట వస్తాదేటి మేడమ్?"

పరిహారం

అతని అనుమతితో కొండమ్మకి చెప్పాను. ఆయనకి పిల్లని చూడాలని ఉందన్నాను. కొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంతోషమూ భయమూ రెండూ ఒకేసారి. ఏడాది గడువు ఇంకా సగం కూడా కాలేదు. ఈసారి నేను నాలుక కొరుక్కుని, "మీకేమనిపిస్తోంది?" అని మాత్రం అడిగాను.

"పంతులు గార్ని అడగాల మేడమ్."

"అడగండి" అన్నాను. ఆయన కాదంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు. వారమంతా నాకు అన్నం సయించలేదు.

తర్వాతి వారం కొండమ్మ నవ్వుతూ వచ్చింది. ఆవిడ నవ్వు చూడడం అదే మొదలు.

"మీ ఆయన ఏటి సేస్తన్నాడమ్మా అని అడిగేరు మేడమ్. వారం వారం సోడారం ఎల్లి ఓ కుక్కకి సేత్తో అన్నం ఎడతన్నాడండి అన్నాను. కళ్ళజోడు తీసీసి, ఎవులు సెప్పేరు ఈ పరిహారం అన్నారు. ఎవులూ సెప్పలేదండి, ఆయనే ఎడతన్నాడన్నాను. కాసేపు నాకేసి సూసేరు. కుక్కంటే కాలబైరవుడి వాహనం, అడక్కుండానే సేసీసేడు, దోసం ఎల్లిపోనాది, గుంటని తెచ్చుకోండి అన్నారు మేడమ్!"

ఆ పంతులు గారిని నేను ఎన్నడూ చూడలేదు. ఆయన శాస్త్రం చూసి చెప్పారో, ఆ తల్లి ముఖం చూసి చెప్పారో తెలియదు. రెండోదే అని నా అనుమానం. ఆయన్ని మనిషేనా అన్నది నేనే. నాకన్నా మంచి కౌన్సెలరు ఆయన. ఇది డాక్టరు గారితో చెప్తే, "ఇప్పుడు నీకు పని వచ్చినట్టే" అన్నారు. నా ఉద్యోగంలో నేను దాచుకున్న సర్టిఫికెట్ అదొక్కటే.

రెండో గెడ

దుర్గని తీసుకొచ్చిన రోజు వాన పడి వెలిసింది. అమ్మమ్మ ఇంటినుంచి బట్టల సంచీతో, మెత్త కుట్టిన చెప్పుతో, కాస్త ఒరిగి నడుస్తూ వచ్చింది. ముందుగదిలో కూర్చోబెట్టి కుక్కంటే భయమా అని అడిగాను. "మా అమ్మమ్మోరి ఈదిలో నాలుగున్నాయి" అంది నన్ను తీసిపారేస్తూ. లోపల నాన్న ఉన్నాడు, వెళ్తావా అని అడిగాను. కాసేపు చెప్పుకేసి చూసుకుని, "కుక్క ఉంటాదా?" అంది. ఉంటుందన్నాను.

సత్తిబాబు లోపల గోడకానుకుని నేల మీద కూర్చున్నాడు. పక్కన బెల్లం. దుర్గ గుమ్మంలో నిలబడింది. తండ్రి తల ఎత్తలేదు, కూతురు తండ్రివైపు చూడలేదు. పిల్ల మెల్లగా వచ్చి కుక్కకి అటువైపు కూర్చుంది. కొండమ్మ తలుపు దగ్గర రెండు చేతులూ జోడించి నిలబడింది. నేను మూలనున్న బల్ల మీద కూర్చున్నాను.

పిల్ల బెల్లం చెవి పట్టుకుని వేలికి చుట్టుకుంటూ దానితోనే మాటలు మొదలుపెట్టింది.

"నీకు తెలుసేటి, నాదొక్క గెడే. వదులుగా ఉన్నది నాది. ఆ రోజు మా నేస్తం కోసం రెండోది లాగేను. అది గట్టిగా కట్టున్నాది. రాలేదు. ఇంకా లాగేను. ఒక్కటే తీసుకుని ఎల్లిపోతే ఏటీ అయ్యేది కాదు. అందుకే మా నాన్నకి కోపమొచ్చీసి నన్ను పంపీసేడు."

తొమ్మిదేళ్ళ పిల్ల ఇన్ని నెలలూ ఈ మాట కడుపులో పెట్టుకుని తిరిగింది. మాలో ఎవరికీ తోచనే లేదు.

సత్తిబాబు తల ఎత్తాడు.

"నీ మీద కాదమ్మా కోపం. నీ మీద ఎప్పుడూ లేదు. సూడకుండా బండి ఎనక్కి తీసింది నాను. నువ్వొస్తావని తెలిసీ సూడలేదు."

పిల్ల ఆలోచించింది. "అయితే నీ మీద నీకే కోపమేటి?"

"ఊఁ."

"ఇంకా ఉందా?"

అతను తల వంచుకున్నాడు. పిల్ల కుక్క మీదుగా కాలు చాపి, చెప్పు విడిచి, పాదం తండ్రి ముందు పెట్టింది. "సూడు, ఇప్పుడు నొప్పి లేదు."

అతను ఆ పాదాన్ని మొదటిసారి చూశాడు. కళ్ళు తిప్పుకోలేదు. రెండు అరచేతుల్లోకీ తీసుకున్నాడు, వంగి కళ్ళకద్దుకున్నాడు. అలాగే ఉండిపోయాడు. కొండమ్మ గోడవైపు తిరిగిపోయింది. నేనూ ఏడుస్తున్నానని కాసేపటికి గానీ తెలియలేదు.

"నాన్నా," అంది దుర్గ పాదం లాక్కుంటూ, కిసుక్కున నవ్వుతూ, "నీ మీసం సక్కిలిగింతలెడతంది!"

వాళ్ళు వెళ్తుంటే నేనూ నర్సమ్మా గుమ్మంలో నిలబడ్డాం. ఇన్ని నెలలూ ఇక్కణ్ణుంచి పిల్ల దగ్గరికి వెళ్ళొచ్చిన అలవాటు కొండమ్మది, రావికమతం ఆటో కనిపించగానే చెయ్యెత్తింది. ఆటో ఆగింది. దుర్గ తల్లి చేతిలోంచి బట్టల సంచీ తీసుకుని తండ్రి చేతికిచ్చింది.

"అటు కాదమ్మా," అంది. "మనింటికి."